ఆ రోజు కలిపా, కలపకుండానా?

ఆమె అసలు పేరు హాజరు పట్టీలో ఉండేది. అది చదివే నాథుడు లేడు. మా అంతస్తులో నలభై మందికీ ఆమె కలిపక్క. ఎవరైనా "శుక్రవారం లోపు ఇచ్చేస్తానక్కా" అంటే చాలు, కళ్ళజోడు ముక్కు మీదికి దించి, "శుక్రవారం కలిపా, కలపకుండానా?" అని అడిగేది. "ఐదింటి వరకు ఉంటా" అంటే, "ఐదు కలిపా?" "రేపట్నుంచి సెలవు" అంటే, "రేపు కలిపా?" మొదట్లో నవ్వుకున్నాం. తర్వాత విసుక్కున్నాం. ఆ తర్వాత ఆ ప్రశ్ననే పేరు చేసి ఆమెకు తగిలించేశాం. ముఖం మీదే పిలిచినా ఏమీ అనుకునేది కాదు. "అడగడం చేతకాని మీకంటే నా పేరే నయం" అనేది.

ఆమె పక్క సీటు నాది. పన్నెండేళ్ళు పక్కపక్కన కూర్చున్నాం. ఆమె మీద నాకు గౌరవం ఎంత ఉండేదో ఒళ్ళుమంట కూడా అంతే ఉండేది, ఇప్పుడు దాచడమెందుకు! నేను టెస్టింగ్ మనిషిని. మిగతావాళ్ళు రాసిన కోడు సరిగ్గా నడుస్తోందో లేదో పరీక్షించి, నడుస్తుంటే పచ్చ గుర్తు, లేకపోతే ఎర్ర గుర్తు పెట్టడం నా పని. నాకు నోరెక్కువని ఆఫీసులో పేరు. మా ఆయన్ని అడిగితే ఇంట్లోనూ అదే చెబుతాడు. కానీ ఆ నోరు అవసరమైన రోజున ఎక్కడికి పోయిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ముందు మా పని గురించి రెండు ముక్కలు. మేం డేటాబేస్ తయారు చేస్తాం. అంటే లక్షల చీటీలు దాచుకుని, అడిగిన చీటీ రెప్పపాటులో తీసిచ్చే సరుకు. మొదటి చీటీ నుంచి తిరగేస్తూ కూర్చుంటే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది కాబట్టి, వెతకడానికి ఇండెక్స్ అని ఒకటి కడతాం. నిఘంటువులో మాట ఎలా వెతుకుతాం? నడిమికి తెరుస్తాం, మన మాట ముందుందో వెనకుందో చూస్తాం, ఆ సగంలో మళ్ళీ నడిమికి తెరుస్తాం. ఇండెక్స్‌లో వెతికే కోడు కూడా అంతే. సగాలు చేసుకుంటూ పోవడం ఎవరైనా రాస్తారు. పేచీ అంతా ఎక్కడ ఆగాలన్న దగ్గరే. ఇవాళ్టి తేదీ ఇచ్చి వెతకమంటే, ఇవాళ్టి చీటీ దగ్గర ఆగాలా, ఇవాళ దాటాక వచ్చే చీటీ దగ్గర ఆగాలా? రెండింటికీ తేడా ఒక్క సమానం గుర్తు.

ఆ కోడు పైన కామెంట్లుంటాయి. కింద ఉన్న కోడు ఏం చేస్తుందో మనుషుల భాషలో రాసిపెట్టే మాటలవి. మా పాతవాళ్ళు మొదట్నుంచీ వాటిని తెలుగులోనే రాస్తూ వచ్చారు, మేమూ ఆ అలవాటు వదల్లేదు. యంత్రం కామెంటు చదవదు, దాటేసి పోతుంది. చదివేది తర్వాత వచ్చే మనిషి. అందులో పచ్చి అబద్ధం రాసినా యంత్రం ఆగదు, పరీక్ష తప్పదు, ఎవరూ నిలదీయరు. అందుకే అందరం కోడు మారుస్తాం, పైనున్న కామెంటు సంగతి మరిచిపోతాం. కలిపక్క మాత్రం మరిచిపోయేది కాదు. ఇండెక్స్ వెతికే ఫైళ్ళన్నీ ఆమె బాధ్యత. వాటిలో ఎవరు చెయ్యి పెట్టినా ఆమె ఒప్పుకోలు కావాలి. ఆమె మొదట చూసేది కోడు కాదు, కామెంటు. "నువ్వు మార్చినదానికీ ఇక్కడ రాసి ఉన్నదానికీ పొంతన లేదు. వెళ్ళి దిద్దుకుని రా" అని పంపేసేది. రెండు వాక్యాల కోసం రెండు రోజులు తిరిగినవాళ్ళున్నారు.

ఏటా పనితీరు లెక్కలు తీసేటప్పుడు ఇదే గొడవ. "ఈ ఏడాది మీరు మార్చిన లైన్లలో ముప్పాతిక వంతు కామెంట్లే. యంత్రానికి పనికిరాని పని" అని మా మేనేజరు అనేవాడు. "యంత్రానికి చదువు రాదు కాబట్టి దాన్ని క్షమించాను. మీకేమైంది?" అనేది ఆమె.

ఈ మేనేజరుకు మేం పెట్టుకున్న పేరు తొందర్రావు. లిఫ్టు బటన్ను మూడుసార్లు నొక్కుతాడు, అదేదో త్వరగా వస్తుందన్నట్టు. చెడ్డవాడు కాదు. పిల్లలకు జ్వరమొస్తే అడక్కుండానే ఇంటికి పంపేస్తాడు. ఒకప్పుడు బాగా కోడు రాసేవాడట. ఆ కాలంలో కూడా ఆయనకు బస్సు తప్పిపోతుందన్న తొందరే.

కలిపక్క అలా ఎందుకు తయారైందో నాకు చాలాకాలం తెలియలేదు. ఒకరోజు ఆమె సెలవులో ఉంటే ఏవో కాగితాలివ్వడానికి వాళ్ళింటికి వెళ్ళాను. మూడో అంతస్తు, రెండు గదులు, ఆమె, ఆమె తండ్రి. ఇంట్లో ప్రతి స్విచ్చు కింద చిన్న కాగితం ముక్క అంటించి ఉంది. ఫ్యాను, లైటు, మోటారు. ఒక చోట "ఫ్యాను" కొట్టేసి "పనిచేయదు" అని రాసి, అదీ కొట్టేసి మళ్ళీ "ఫ్యాను" అని రాసి, పక్కన తేదీ వేసి ఉంది. ఆ రాత వంకరటింకరగా ఉంది. రాసింది ఆయనే. ఆయన కుడిచేతికి మూడే వేళ్ళు.

ఆయన కరెంటు లైన్‌మన్‌గా చేశాడు. స్తంభం ఎక్కేముందు కింద స్విచ్చు దగ్గర బోర్డు చూసుకోవాలి. "లైను ఆపి ఉంది, పని చేసుకోవచ్చు" అని బోర్డు. ఆ రోజు బోర్డు ఉంది. లైను మాత్రం అరగంట ముందే ఎవరో మళ్ళీ వేసేశారు, బోర్డు తియ్యడం మరిచిపోయారు.

"అందరూ కరెంటు కొట్టిందంటారమ్మా" అన్నాడాయన, టీ గ్లాసు ఎడమచేత్తో అందుకుంటూ. "పాపం కరెంటుదేముంది? అదెప్పుడూ ఒక్కలాగే ఉంటుంది. నన్ను కొట్టింది బోర్డు. బోర్డు లేకపోతే నేను పరీక్ష చేసుకుని ఎక్కేవాణ్ణి. ఉంది కాబట్టే నమ్మాను."

కలిపక్క వంటగదిలోంచి, "మొదలుపెట్టావా నాన్నా? వచ్చినవాళ్ళందరికీ చెప్పాలా?" అని కేకేసింది. ఆయన నా వైపు వంగి, "దానికప్పుడు తొమ్మిదేళ్ళు. ఆసుపత్రికొచ్చి మొదట అడిగిందేంటో తెలుసా? ఆ బోర్డు తీశారా నాన్నా, అని" అన్నాడు.

అసలు గొడవ ఈ ఏడాదే వచ్చింది. మా ఫైళ్ళన్నిటిలోకీ పాత ఫైలు ఒకటుంది. నడుస్తోంది కదా అని దాన్నెవరూ తెరవరు. ఒక కొత్త ఆసుపత్రి మా డేటాబేస్ తీసుకుంటానంటే, వాళ్ళకివ్వాల్సిన మాన్యువల్ తయారైంది. మా మాన్యువల్‌ను ప్రత్యేకంగా ఎవరూ రాయరు, కోడులోని కామెంట్లన్నీ ఏరి అచ్చు వేస్తారు. వాళ్ళు చదువుకున్నారు, సంతకాలు పెట్టారు. అంతా అయ్యాక కలిపక్క ఆ పాత ఫైలు తెరిచింది. అందులో కామెంటు ఇలా ఉంది: "ఇచ్చిన తేదీ దాటాక వచ్చే మొదటి చీటీ దగ్గర ఆగుతుంది." కింద కోడులో మాత్రం సమానం గుర్తు ఉంది. అంటే ఇచ్చిన తేదీ చీటీ ఉంటే దాని దగ్గరే ఆగుతుంది. తొమ్మిదేళ్ళ కిందట, ఈ ఫైళ్ళు ఆమె చేతికి రాకముందు, ఎవరో ఆ గుర్తు చేర్చి, కామెంటును అలాగే వదిలేసి వెళ్ళారు. కోడు చేస్తున్నది సరైనదే. తొమ్మిదేళ్ళుగా వాడేవాళ్ళందరికీ కావలసింది అదే. తప్పు పలికేది కామెంటు ఒక్కటే.

ఎవరు మార్చారో ఫైలు చరిత్రలో ఉంటుంది. మార్చింది మన తొందర్రావే. సాయంత్రం ఐదు గంటల యాభై ఎనిమిది నిమిషాలకు.

ఆమె కామెంటు దిద్ది పంపింది. ఆయన ఆపేశాడు. ఇద్దరి మాటలూ పక్కనే ఉన్న నాకు వినబడుతూనే ఉన్నాయి.

"కామెంటు మారిస్తే మాన్యువల్ మారుతుంది. మాన్యువల్ మారితే ఆసుపత్రివాళ్ళు మళ్ళీ సంతకాలు పెట్టాలి. తప్పెందుకొచ్చిందని వంద ప్రశ్నలడుగుతారు" అన్నాడు తొందర్రావు.

"అడగనివ్వండి. చెబుదాం."

"అంత గోల ఎందుకు? మాన్యువల్‌లో ఎలా ఉందో కోడు అలా చేసేస్తే పోలా? ఒక్క గుర్తు తీసేస్తే సరి."

ఆమె కుర్చీ చప్పుడైంది. "ఏంటీ? నిజం చెప్పే కోడును పట్టుకుని అబద్ధం చెప్పే కామెంటుకు సరిపోయేలా కోస్తారా? చెప్పు పట్టలేదని కాలు కోసుకున్నట్టుంది!"

"ఆసుపత్రివాళ్ళు ఒప్పుకుని సంతకాలు పెట్టారు కదా? వాళ్ళకు లేని బాధ నీకెందుకమ్మా? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

"కంద కోసేది కత్తిపీటే సార్. దానికి పదునుండాలి మరి. నేను ఒప్పుకోను."

"తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటే ఎలా?"

"మా నాన్న చేతికి మూడే వేళ్ళు. నా కుందేలు కూడా మా ఇంటిదే" అని ఆమె కూర్చుంది. చుట్టూ నలుగురం నవ్వాం. ఆమె నవ్వలేదు.

ఆ తర్వాత తొందర్రావు నా దగ్గరికొచ్చాడు. ఆ ఫైలు మీద నా పరీక్ష ఒకటుంది. ఇచ్చిన తేదీ చీటీ దొరకాలి, దొరక్కపోతే ఎర్ర గుర్తు. "అది మాన్యువల్ ప్రకారం మార్చెయ్. దొరక్కూడదు, దొరికితే తప్పు, అని" అన్నాడు. చూడండి, ఎద్దు ఈనిందంటే దూడను గాటికి కట్టెయ్యమనే రకం మనిషి ఆయన. సరే, మరి కట్టేసిందెవరు? నేనే. నోరున్నదాన్ని, ఒక్క మాట అనలేకపోయాను. మారిస్తే పోయేదేముంది, ఆయన చెప్పాడు కదా అనుకున్నాను. పరీక్షించినవారు అన్న చోట నా పేరుతో పచ్చ గుర్తు పడింది.

కలిపక్క చూసింది. "నువ్వు కూడానా?" అంది.

"నాకూ ఇల్లుందక్కా" అన్నాను.

"నాకు లేదా?"

ఆ వారమంతా మేం టీకి విడివిడిగా వెళ్ళాం.

ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. ఏటా ఆ నెల ముప్పయ్యో తేదీతో గడువు తీరుతుంది, కొత్త కాగితం ఇస్తారు. ఇన్నేళ్ళూ అదొక తంతు, ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. ఈసారి ఆ కాగితం తొందర్రావు బల్ల మీద ఉండిపోయింది. ఆమెకు యాభై ఒక్కేళ్ళు. ఇంట్లో పనికి వెళ్ళేది ఆమె ఒక్కతే. ఈ వయసులో మరో చోట వెతుక్కోవడమంటే మాటలు కాదని ఆయనకూ తెలుసు. పిలిచి, చాలా మెత్తగానే, "రెండు సంతకాలమ్మా. ఆ మార్పుకు ఒప్పుకోలు ఒకటి, ఈ కాగితం మీద ఒకటి. రెండూ ఒకేసారి పెట్టేద్దాం" అన్నాడు. మొదటిది పెట్టను, రెండోది మీ ఇష్టం, అని వచ్చేసింది. మర్నాడు ఉత్తరం ఇచ్చారు. "మీ సేవలు ఈ నెల ముప్పయ్యో తేదీ వరకు మాత్రమే."

ఆమె ఆ ఉత్తరం పట్టుకుని నేరుగా ఆయన గదిలోకి వెళ్ళింది. ఏడుస్తుందేమో, బతిమాలుతుందేమో అని మేమంతా మెడలు సాచి చూస్తున్నాం. కళ్ళజోడు ముక్కు మీదికి దించింది.

"వరకు అంటే? ముప్పై కలిపా, కలపకుండానా?"

"కలిపే తల్లీ! కలిపే! ఆ రోజు కూడా వచ్చి కూర్చో!" అని ఆయన దండం పెట్టాడు.

"సరే. రిలీజు కూడా ముప్పైనే కదా. పదకొండింటికి కూర్చుంటారు. ఆ ఫైలు అప్పటికి నాదే. వచ్చి కాదంటాను."

మా దగ్గర నియమం అది. రిలీజు రోజు, అంటే కొత్త మార్పులు బయటికి పంపే రోజు, పదకొండింటికి అందరూ కూర్చుంటారు. ఏ ఫైలు మారినా దాని బాధ్యులు ఒప్పుకుంటేనే బయటికి వెళ్తుంది. బాధ్యులు ఆ గదిలో లేకపోతే మాత్రం మేనేజరు మాటే చెల్లుతుంది. ఆమె తన ఉద్యోగం కోసం ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ చివరి రోజు ఆ గదిలో కూర్చోవడం ఒక్కటే ఆమె మిగుల్చుకుంది.

ఇంట్లో చెబితే వాళ్ళ నాన్న ఏమన్నాడో తర్వాత నాకు తెలిసింది. "పోతే పోయిందిలే. నీకు పది వేళ్ళూ ఉన్నాయిగా" అన్నాడట.

ముప్పయ్యో తేదీ పొద్దున పది గంటల ఇరవై నిమిషాలకు నా ఫోను మోగింది. కలిపక్క. వారం తర్వాత ఆమె నాతో మాట్లాడడం అదే.

"కిందికి రా. గేటు నన్ను రానివ్వట్లేదు."

చేతిలో ల్యాప్‌టాప్‌తోనే దిగి వెళ్ళాను. మా గేటు దగ్గర పాసు ఆనిస్తే తెరుచుకునే యంత్రం ఉంది. దాని వెనక నడిచేది కూడా మా డేటాబేసే. కొత్తగా ఏది తయారు చేసినా రిలీజుకు ముందు రోజు సాయంత్రం మొదట మా గేటుకే పెట్టి చూస్తాం. ప్రయోగం కాబట్టి దానికి ఎవరి ఒప్పుకోలూ అక్కర్లేదు, నా పచ్చ గుర్తు చాలు. గేటు చేసే పనేమిటంటే, ఇవాళ్టి తేదీ ఇచ్చి, గడువు ఇవాళ గానీ ఆ తర్వాత గానీ తీరే పాసులను వెతకడం. దొరికితే పచ్చ దీపం, లేకపోతే ఎర్ర దీపం.

గేటు బయట ఏడుగురున్నారు. కలిపక్క, మెట్లు తుడిచే ఆవిడ, టీ ఇచ్చే ఆయన, ఇద్దరు డ్రైవర్లు, మొక్కలకు నీళ్ళు పోసే ఆయన, ఎలక్ట్రీషియను. అందరూ కాంట్రాక్టు మనుషులే. మెట్లు తుడిచే ఆవిడ యంత్రానికి పాసు ఆనిస్తూనే ఉంది, అది ఎర్రగా అరుస్తూనే ఉంది.

"ఎనిమిదింటికొచ్చానమ్మా! రోజూ తెరుచుకునేదే! ఏం పాపం చేశానని ఇవాళ ఇలా అరుస్తోంది?" అంది నన్ను చూసి.

"మిషను ఒప్పుకోవట్లేదమ్మా, నేనేం చెయ్యను" అన్నాడు సెక్యూరిటీ ఆయన. "గడువు తీరిపోయిందంటోంది. లోపలివాళ్ళెవరైనా వచ్చి పుస్తకంలో సంతకం పెడితేనే పంపించాలి."

కలిపక్క ఆవిడ చేతిలోంచి పాసు తీసుకుని చూసింది. టీ ఇచ్చే ఆయన పాసు చూసింది. ఏడు పాసులూ చూసింది. అన్నిటి మీదా ఒకే తేదీ. ముప్పయ్యో తేదీ వరకు. ఆమెకు అక్కడికక్కడే అర్థమైంది. నాకూ అర్థమైంది, ఆమె నా వైపు తిరగకముందే.

"నిన్న సాయంత్రం గేటుకు పెట్టారు కదూ?" అంది.

"పెట్టారు."

"పరీక్షించినవారు?"

"నేను."

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. ఎండలో నిలబడి, చెమటలు కారుతూ, పళ్ళు బిగించి, "ఇంకా నలభై నిమిషాలుంది. నాకు కోపం తర్వాత. ముందు వీళ్ళందరినీ లోపలికి పంపు" అంది. మెట్లు తుడిచే ఆవిడ మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తోంది. ఆవిడ ఆ కామెంటు చదవలేదు, మాన్యువల్ చదవలేదు, ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. రెండు గంటలకు పైగా బయట నిలబడింది మాత్రం ఆవిడే. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు కాసేపటికి కోపమైంది, అందులో ముక్కాలు భాగం నా మీదే.

సెక్యూరిటీ ఆయన బల్ల మీదే ల్యాప్‌టాప్ తెరిచాను. వారం కిందట మార్చిన పరీక్షను తిరిగి మునుపటిలా చేశాను. నడిపాను. ఎర్ర గుర్తు వచ్చింది. కింద ఇలా రాశాను: "ముప్పయ్యో తేదీ వరకు గడువున్న పాసు ముప్పయ్యో తేదీన పనిచేయలేదు. ఏడుగురు గేటు బయట ఉన్నారు. ఇంతకుముందు పచ్చ గుర్తు పెట్టింది నేనే. అది తప్పు. రిలీజు ఆపాలి." పంపించాను.

తర్వాత సందర్శకుల పుస్తకం. ఏడుగురికీ నేను హామీ సంతకం పెట్టాను. ఎవరి వరుస వాళ్ళు నింపాలి. మెట్లు తుడిచే ఆవిడ, "వచ్చిన పని అంటే ఏం రాయాలమ్మా?" అంది. "మెట్లు అని రాయండి" అన్నాను. కలిపక్క తన వంతు వచ్చినప్పుడు వచ్చిన పని దగ్గర "కామెంటు దిద్దడం" అని రాసింది. పక్క గడిలో, ఎవరిని కలవడానికి, అని ఉంటుంది. క్షణం ఆగి, "తర్వాత వచ్చే మనిషిని" అని రాసి, కింద అడ్డగీత లాగి లోపలికి నడిచింది. సెక్యూరిటీ ఆయన ఆ గడి చదివి నా వైపు చూశాడు. "సరిగ్గానే రాసింది" అన్నాను.

పదకొండింటికి ఇంకా నాలుగు నిమిషాలుండగా గదిలోకి వెళ్ళాం. తొందర్రావు ఎదుట తెర మీద నా ఎర్ర గుర్తు ఉంది.

"పాస్ చేసింది నువ్వే కదా?" అన్నాడు నాతో.

"చేశాను. మీరు పరీక్ష మార్చమంటే మార్చాను, నా బుద్ధి గడ్డి తింది. ఇప్పుడు తిరిగి మార్చాను. మళ్ళీ మార్చమంటే మార్చను" అన్నాను. పన్నెండేళ్ళలో ఆ గదిలో నా నోరు సరైన చోట లేచింది అదే మొదటిసారి.

"గేటు పాసులదేముందమ్మా, నాలుగు..."

"ఏడు" అంది కలిపక్క. "ఏడుగురు. రేపు ఆసుపత్రిలో ఇవాళ్టి తేదీ చీటీ చేత్తో పట్టుకుని వచ్చిన రోగి కూడా ఇలాగే బయట నిలబడతాడు. మన గేటుకంటే సెక్యూరిటీ ఆయన ఉన్నాడు, పుస్తకం ఉంది. అక్కడ ఏముంటుంది?"

ఆయన నుదురు రుద్దుకున్నాడు. తొందర మనిషే కానీ చెడ్డవాడు కాదని చెప్పాను కదా. "సరే. సమానం గుర్తు తిరిగి పెట్టేద్దాం. గేటుకు ఇప్పుడే పెట్టేయండి. అయిపోయిందిగా? ఇక కామెంటు, మాన్యువల్ సంగతి నిదానంగా తర్వాత చూద్దాం" అని లేవబోయాడు.

"కూర్చోండి" అంది కలిపక్క.

మేనేజరును కూర్చోమని అన్నవాళ్ళు మా దగ్గర ఎవరూ లేరు. ఆయన కూర్చున్నాడు.

"లైను వేసేసి బోర్డు వదిలేసి వెళ్తారా? తొమ్మిదేళ్ళ కిందట అలా వదిలేస్తేనే కదా ఇవాళ ఇంత దూరం వచ్చింది! ఈ తప్పు ఈ నెల కనిపించింది. రేపు మీరుండరు, నేనుండను. ఇంకెవడో వస్తాడు, చదువుతాడు, నమ్ముతాడు, మళ్ళీ గుర్తు తీసేస్తాడు. వాడి తప్పేమీ ఉండదు. కామెంటు మారితేనే ఈ ఫైలు బయటికెళ్తుంది. లేకపోతే వెళ్ళదు."

"ఇవాళ నీకు చివరి రోజు. ఇంకా ఎందుకమ్మా ఇంత పట్టు?"

"కలిపే అన్నారుగా. ఆరింటి దాకా ఈ ఫైలు నాదే."

ఆయన తెర మీద ఫైలు చరిత్ర తెరిచే ఉంది. ఐదు గంటల యాభై ఎనిమిది నిమిషాలు, ఆయన పేరు, అన్నీ కనిపిస్తున్నాయి. అందరం చూస్తున్నాం. ఆమె ఒక్కతే దానికేసి చూడలేదు, ఆ పేరు ఎత్తనూ లేదు. ఆయన మెల్లగా, "రాయి" అన్నాడు.

ఆమె రాసింది. "ఇచ్చిన తేదీ నుంచి మొదటి చీటీ దగ్గర ఆగుతుంది. ఆ తేదీ కూడా కలిపి." రెండు వాక్యాలు. ఆసుపత్రికి ఆ మధ్యాహ్నమే కబురు వెళ్ళింది. వాళ్ళు వంద ప్రశ్నలేమీ అడగలేదు. చెప్పినందుకు సంతోషమని, మారిన పేజీ మీద సంతకం పెట్టి పంపారు.

టీ దగ్గర అడిగాను. "ఎవరు మార్చారో ఎందుకు రాయలేదక్కా? నేనైతే పెద్ద అక్షరాలతో రాసేదాన్ని."

"చదివేవాడికి కావలసింది చీటీ ఎక్కడుందో. ఎవరికి బస్సు తప్పిపోతుందో వాడికెందుకు?" అంది. ఆ తర్వాత, "నీ ఎర్ర గుర్తు బాగుంది. ఆ 'తప్పు' పక్కన చుక్క పెట్టావు, అది ఇంకా బాగుంది" అంది. నాకు ఏడుపొచ్చింది. "ఆఁ, మొదలుపెట్టకు" అంది.

కొత్త కాగితం గురించి తొందర్రావు ఎత్తలేదు. ఆమె అడగలేదు. నేను అడిగాను. పైవాళ్ళ నిర్ణయం, ఉత్తరం వెళ్ళిపోయింది, ఇక నా చేతుల్లో లేదన్నాడు. నిజమో కాదో నాకు తెలియదు. నేను అరిచాను, బల్ల మీద చెయ్యి కూడా కొట్టాను. లాభం లేకపోయింది. ఆమె మాత్రం సాయంత్రం దాకా తన ఫైళ్ళన్నీ ఒకసారి చదువుకుంటూ కూర్చుంది. ఐదున్నరకు అందరూ వీడ్కోలు చెప్పబోతే, "ఇంకా అరగంటుంది" అని పంపేసింది.

సరిగ్గా ఆరింటికి లేచింది. గేటు దగ్గర పాసు ఆనించింది. పచ్చ దీపం వెలిగింది. వెనక మెట్లు తుడిచే ఆవిడ కూడా ఆనించింది, పచ్చ. కలిపక్క తన పాసు తీసి సెక్యూరిటీ ఆయన చేతిలో పెట్టి, "ఇది రేపట్నుంచి పనిచేయదు" అంది. ఒక అడుగు వేసి, వెనక్కి తిరిగి, "రేపు కలిపే" అంది.

నాలుగు నెలలు ఇంట్లోనే ఉంది. అవి తేలికగా గడవలేదు, ఆ సంగతి ఆమె చెప్పకపోయినా తండ్రి చెప్పాడు. ఇప్పుడు ఊరి అవతల మరో చోట చేస్తోంది. అక్కడ కూడా ఏదో పేరు పెట్టారట. ఏమని అడిగితే చెప్పదు.

ఆమె వెళ్ళిన మొదటి సోమవారం సంగతి చెప్పి ముగిస్తాను. అందరం బల్ల చుట్టూ కూర్చున్నాం. నా పక్క కుర్చీ ఖాళీ. తొందర్రావు చేతిగడియారం చూసుకుంటూ, "ఆసుపత్రి పరీక్షలన్నీ శుక్రవారం లోపు అయిపోవాలి. సరేనా? ఇక లేవండి" అన్నాడు.

ఎవరూ లేవలేదు. అందరూ అలవాటుగా ఆ ఖాళీ కుర్చీ వైపే చూస్తున్నారు. నాకు కళ్ళజోడు లేదు, దించడానికి.

"శుక్రవారం కలిపా, కలపకుండానా?" అన్నాను.

ఆయన నన్ను చూశాడు. కుర్చీని చూశాడు. "కలిపి" అన్నాడు.

"అయితే అలాగే రాయండి."

రాశాడు.